గుట్టల కింది ఇళ్లలో చలి చివరి నెల: సమస్యలు, పరిష్కారాలు

పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర మొదలవుతుంది. అక్కడి నుంచి శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోయే దాకా దాదాపు ఒక నెల. ఉట్నూరు, కెరమెరి, తిర్యాణి వైపు ఇళ్లలో ఎక్కువ చిక్కులు ఈ నెలలోనే వస్తాయి. పగలు చొక్కా తడిసేంత ఎండ, తెల్లవారుజామున పళ్లు కొరికే చలి. ఇంటిని, పొలాన్ని ఇబ్బంది పెట్టేది ఈ తేడాయే. పైగా రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది కాబట్టి, గుట్ట మీది గూడెం కంటే గుట్ట కింది ఊరే ఎక్కువ వణుకుతుంది.

సమస్య: వాన లేదు, అయినా తెల్లారేసరికి రేకుల నుంచి చుక్కలు పడుతున్నాయి

రేకు చిల్లిపడిందని పైకెక్కి తారు పూసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. డబ్బు దండగ. చిల్లి అయితే చుక్క ఒకే చోట పడుతుంది. ఇక్కడ రేకు అడుగంతా చెమర్చి, ఆ నీరు వాలు వెంట జారి, ఇనుప పైపు అడ్డం వచ్చిన చోట బొట్లుగా రాలుతుంది. మబ్బు లేని రాత్రి రేకు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. మన ఊపిరి, పొయ్యి మీద కాగే నీళ్లు, లోపల ఆరేసిన బట్టలు వదిలిన తేమ దానికి తగిలి నీరవుతుంది. బెంగుళూరు పెంకుల ఇంట్లో ఈ బాధ తక్కువ, పెంకుల సందుల్లోంచి తేమ బయటికి పోతుంది.

గోడకూ రేకుకూ మధ్య సందు ఉంటుంది చూడండి, చలి వస్తుందని అందులో సంచులు కుక్కుతారు. ముందు వాటిని పీకేయండి. ఎదురెదురు గోడల మీద జానెడు మేర వదిలితే చాలు. నీళ్లు కాచడం, బట్టలు ఆరేయడం బయటికి మార్చండి. అప్పటికీ తగ్గకపోతే రేకు కింద వెదురు తడక గానీ థర్మాకోల్ గానీ కట్టించండి. ఎండాకాలం వేడికీ అదే మందు.

చలి మాటేమిటంటారా? నులక మంచం మీద చలి కింది నుంచి వస్తుంది. పైన రెండు గొంగళ్లు కప్పుకునే బదులు ఒకటి కింద పరుచుకోండి.

సమస్య: కుంపటి పెట్టుకుని పడుకుంటే అందరికీ తలనొప్పి, వికారం

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జలుబు, జ్వరం ఇంట్లో అందరికీ ఒకే రాత్రి రావు. అందరికీ ఒకేసారి తల దిమ్ముగా ఉందంటే కారణం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ ఆగింది కదా అని కుంపటిని లోపలికి తెచ్చుకుంటారు. ఎర్రగా, పొగ లేకుండా కణకణలాడే బొగ్గు నుంచే ఆ వాయువు ధారాళంగా వస్తుంది. వెంటనే తలుపులన్నీ తెరిచి అందరినీ బయటికి తీసుకురండి. ఎవరైనా మగతగా ఉంటే 108కి ఫోను చేయండి. కిటికీ కాస్త తెరిచాం కదా అనే ధీమా వద్దు, నిప్పు ఉన్న గదిలో నిద్ర పోకూడదు, అంతే. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే కుంపటితో పని లేదు.

సమస్య: పెరుగు తోడుకోవడం లేదు

పాలు మామూలు కంటే కాస్త వేడిగా ఉన్నప్పుడే, కొంచెం ఎక్కువ తోడు వేసి, గిన్నెను దుప్పటిలో చుట్టి బియ్యం డబ్బాలో దించండి.

సమస్య: యాసంగి వరి నారు పసుపుబారి ఎదగడం లేదు

రాత్రంతా మడిలో నిలిచిన నీరు వేర్లను బిగుసుకుపోయేలా చేస్తుంది. తెల్లారగానే ఆ నీరు తీసేసి కొత్త నీరు పెట్టండి. అది బోరు నీరైతే మరీ మంచిది. భూమి లోపలి నీటికి రాత్రి చలి అంటదు. ఉదయం ఆరింటికి మోటారు వేస్తే పైపు మూతి దగ్గర ఆవిరి లేస్తుంది, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. రాత్రి మడి మీద కర్రలు వంచి పాలిథిన్ పట్టా గానీ, కలిపి కుట్టిన యూరియా సంచులు గానీ కప్పి, పొద్దున్నే తీసేయాలి. ఎండెక్కాక కూడా ఉంచితే నారు ఉడికిపోతుంది. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయండి. యూరియా గుప్పిస్తే పచ్చదనం తిరిగొస్తుందనే నమ్మకం గట్టిది గానీ, చలికి ముడుచుకున్న వేరు దాన్ని తీసుకోలేదు.

అసలు మొలకే రాకపోతే తప్పు విత్తనానిది కాకపోవచ్చు. వానాకాలం 24 గంటలు మండె కడితే (నానిన వడ్లను గోనె సంచిలో మూటగట్టి ఉంచితే) మొలిచే వడ్లకు ఇప్పుడు 36 నుంచి 48 గంటలు పడుతుంది. గోనె సంచి మీద గోరువెచ్చని నీళ్లు చల్లి, గడ్డి కప్పి, ఓపిక పట్టండి.

సమస్య: కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చస్తున్నాయి

థర్మామీటరు అక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పగా చేరితే చలి, దూరంగా పారిపోతే వేడి ఎక్కువ, గూడంతా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయినట్టు. దాన్నిబట్టి బల్బు కిందికీ పైకీ జరపండి. చుట్టూ కట్టిన సంచులు మధ్యాహ్నం ఎత్తకపోతే రెట్ట ఘాటు లోపలే నిలిచి, చలికి బతికినవి దానికి పోతాయి.

సమస్య: పొద్దున బండి స్టార్ట్ కాదు

సెల్ఫ్ బటన్ అదేపనిగా నొక్కితే చలికి ముందే నీరసించిన బ్యాటరీ పూర్తిగా పడుకుంటుంది. పాత బండి అయితే చోక్ లాగి కిక్ కొట్టండి, ఇంజిన్ అందుకున్నాక చోక్ మళ్లీ లోపలికి నెట్టడం మరవకండి.