పిల్లల పళ్ళు, ఇంటి పాఠాలు – 3: తిండి వేళలు, రాత్రి బ్రష్

పోయిన పాఠంలో పిల్లల పై పెదవి ఎత్తి చూడడం నేర్చుకున్నాం. వెలుతురులో కూర్చోబెట్టి, చిగురు అంచు వెంబడి సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉందేమో చూడమన్నాను. కనిపించినవాళ్ళు కంగారు పడకండి. పన్ను బలహీనపడడం మొదలైందని, ఇంకా గుంట పడలేదని దాని అర్థం. ఆ దశలో పట్టించుకుంటే చాలావరకు అక్కడితో ఆపవచ్చు. ఆ గీత గోధుమ రంగుకు తిరిగినా, చిన్న గుంట కనిపించినా మాత్రం ఈ పాఠాల కోసం ఆగకుండా పళ్ళ డాక్టరుకు చూపించండి.

మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకు ఈ పాఠం. ఇందులో రెండు పనులు నేర్చుకుంటాం. ఒకటి, పిల్లవాడి రోజును గడియారం పక్కన పెట్టి చదవడం. రెండోది, రాత్రి పూట మీ చేత్తో వాడి పళ్ళు తోమడం. రెండోది కష్టం కాబట్టి దాని గురించి ఎక్కువ చెబుతాను.

తీపి ఎన్నిసార్లు?

పిప్పిపళ్ళతో వచ్చిన పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది మొదట చెప్పే మాట, "మావాడు స్వీట్లు పెద్దగా తినడండీ" అని. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మొత్తం కలిపి చూస్తే నిజంగానే తక్కువ తిని ఉంటాడు. కానీ పంటికి లెక్క వేరు.

పళ్ళ మీద పట్టే పాచి నిండా బాక్టీరియా ఉంటుంది. నోట్లోకి చక్కెర రాగానే అవి దాన్ని తిని ఆమ్లం వదులుతాయి. నిమిషాల్లోనే పంటి మీద పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 5.5 కంటే కిందికి పడిపోతుంది. అక్కడి నుంచి ఎనామిల్‌లోని, అంటే పంటి గట్టి పైపొరలోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతుంటాయి. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి పంటిలోకి చేర్చే పని మొదలుపెడుతుంది. నోరు మామూలు స్థితికి రావడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. ఆలోగా ఇంకో బిస్కెట్ పడిందంటే మళ్ళీ మొదటికి వస్తుంది.

అందుకే ఒక లడ్డూను అన్నం తిన్న వెంటనే ఐదు నిమిషాల్లో తినేస్తే పంటికి ఒక్క దెబ్బ. అదే లడ్డూను ఆడుకుంటూ, తిరుగుతూ, సాయంత్రమంతా కొంచెం కొంచెం గిల్లుకుని తింటే సాయంత్రమంతా దెబ్బే. లడ్డూ ఒకటే, చక్కెర అంతే.

ఈ సంగతి రుజువైన తీరు బాధాకరమైనది. 1940ల్లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో, విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ మీద ప్రయోగం చేశారు. వాళ్ళ అనుమతి లేకుండానే కొందరికి భోజనంతో పాటు చక్కెర, ఇంకొందరికి భోజనాల మధ్య పళ్ళకు అంటుకుపోయే టాఫీలు ఇచ్చారు. భోజనంతో పాటు తిన్నవాళ్ళకు పళ్ళు పెద్దగా పాడవలేదు. మధ్యమధ్యలో టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు బాగా పుచ్చిపోయాయి. అలాంటి ప్రయోగాన్ని ఇవాళ ఎవరూ సమర్థించరు, సమర్థించకూడదు కూడా. కానీ అంతమంది నొప్పి పడి మనకు తెలియజేసిన సంగతిని ఇంట్లో వాడుకోకపోవడం అంతకంటే అన్యాయం.

రోజును కాగితం మీద పెట్టండి

ఒక కాగితం తీసుకుని, మామూలు రోజున మీ పాప నోట్లో పడినవన్నీ వేళతో సహా రాయండి. నీళ్ళు తప్ప ఏదీ వదలొద్దు. నాలుగేళ్ళ పాప రోజు చాలా ఇళ్ళలో ఇలా ఉంటుంది:

ఉదయం 7కి చక్కెర, హెల్త్ డ్రింక్ పొడి కలిపిన పాలు. 8కి ఇడ్లీ, చట్నీ. 10:30కి స్కూల్లో క్రీమ్ బిస్కెట్లు. 1కి పప్పన్నం, పెరుగు. 4కి మళ్ళీ పాలు, రస్కులు. 5:30కి తాతయ్యతో బయటికి వెళ్ళినప్పుడు చప్పరించే చాక్లెట్. 6:30కి జ్యూస్ ప్యాకెట్. 8కి అన్నం. 9:30కి నిద్రపోయే ముందు చక్కెర వేసిన గ్లాసు పాలు.

ఇప్పుడు తీపి ఉన్న ప్రతి వేళ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఇందులో ఆరు వచ్చాయి. సాయంత్రం 4 నుంచి 7:30 దాకా చూడండి, లాలాజలం ఒకసారి కోలుకునేలోగా ఇంకొకటి వచ్చి పడుతోంది. అన్నిటికంటే చెడ్డది 9:30 పాలు. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. ఆ చక్కెరను కడిగే దిక్కు ఉండదు, తెల్లారేదాకా పళ్ళ మీదే ఉంటుంది. పాలసీసాతో నిద్రపోయే పిల్లలకు పైవరస ముందు పళ్ళు నాలుగూ పుచ్చిపోయి, కింది ముందు పళ్ళు బాగానే ఉండడం చూసే ఉంటారు. కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం అక్కడే ఎక్కువ చేరుతుంది. పైవాటికి ఆ రక్షణ లేదు.

ఇక సర్దుబాటు. పాపకు ఇష్టమైనవన్నీ మాన్పించకుండానే ఆరును మూడు చేద్దాం. పొద్దుటి పాలను 8 గంటల ఇడ్లీతో కలిపేస్తే అదొక సున్నా. చాక్లెట్‌ను సాయంత్రం నుంచి తీసి మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఇస్తే అదొకటి. సెలవు రోజుల్లో అలా, బడి రోజుల్లో రాత్రి అన్నం తర్వాత, బ్రష్‌కు ముందు. 4 గంటల పాలు, రస్కులు అలాగే ఉండనివ్వండి, అది మూడోది. స్కూలు డబ్బాలో బిస్కెట్ల బదులు ఉడికించిన పల్లీలు, శనగ గుగ్గిళ్ళు, జామకాయ ముక్కలు, కీరా, ఉడికించిన గుడ్డు లాంటివి. జ్యూస్ ప్యాకెట్ స్థానంలో పండు, దాహానికి నీళ్ళో మజ్జిగో. పడుకునే ముందు పాలు తాగి తీరాల్సిందే అంటే చక్కెర లేకుండా, బ్రష్‌కు ముందు. రాత్రి పాలలో చక్కెరను ఒక్కసారిగా ఆపితే పేచీ పెడతారు. చెంచాను ముప్పావు, ఆ తర్వాత అర, పావు చేస్తూ రండి, రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది.

ఈ మార్పుకు ఇంట్లో పెద్దవాళ్ళే అడ్డమని చాలామంది తల్లులు అంటారు. మాట అడిగే తీరును బట్టి ఉంటుందని నా నమ్మకం. "అత్తయ్యా, చాక్లెట్లు పెట్టకండి" అంటే మనసు నొచ్చుకుంటారు. "అత్తయ్యా, చాక్లెట్ మీ చేత్తోనే ఇవ్వండి, కాకపోతే అన్నం తిన్న వెంటనే ఇవ్వండి, దానికి పళ్ళు నొప్పెట్టకుండా ఉంటాయి" అంటే మనవరాలి కోసం వాళ్ళే కాపలా కాస్తారు.

బెల్లం గురించి తప్పకుండా అడుగుతారు. చక్కెర హాని, బెల్లం మంచిది అనే మాట పంటి విషయంలో చెల్లదు. బెల్లంలోనూ ఎక్కువభాగం చక్కెరే, బాక్టీరియాకు తేడా తెలియదు. పల్లీ పట్టీ, జీడీలు, ఖర్జూరం, తేనె అంతే. పైగా పళ్ళకు అంటుకుపోతాయి. పండగకు అరిసెలు చేసుకోండి, హాయిగా తిననివ్వండి. డబ్బా మాత్రం అందే ఎత్తులో పెట్టొద్దు. చిప్స్, బిస్కెట్లు తీపిగా లేకపోయినా దవడ పళ్ళ గాళ్ళలో ముద్దలా ఇరుక్కుని అక్కడే పిండి చక్కెరగా మారుతుంది. దగ్గు మందులు, యాంటిబయాటిక్ సిరప్‌లు కూడా చాలావరకు తియ్యనివే. రాత్రి డోసు ఇచ్చాక బ్రష్ చేయండి, లేదంటే కనీసం నీళ్ళతో పుక్కిలించమనండి.

రాత్రి బ్రష్: మీ చెయ్యి, వాడి నోరు

"మావాడు తనే తోముకుంటాడు" అని గర్వంగా చెబుతారు. పొద్దున తోముకోనివ్వండి, అలవాటు కావాలి కదా. కానీ పాచి పోయేలా తోమే నేర్పు ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లల చేతికి రాదు. చొక్కా బొత్తాలు, బూట్ల లేసులు తడబడకుండా కట్టుకోగలిగే వయసు వచ్చేదాకా రాత్రి బ్రష్ బాధ్యత పెద్దవాళ్ళదే. వేపపుల్ల, బొగ్గు, ఇటుకపొడి ఈ వయసుకు వద్దు. పుల్ల వెనక దవడ పళ్ళ లోపలి వైపుకు అందదు, గరుకు పొడులు ఎనామిల్‌ను అరగదీస్తాయి.

బ్రష్ తల చిన్నది, కుచ్చు మెత్తనిది తీసుకోండి. కుచ్చు బయటికి విచ్చుకుపోతే, లేదా మూడు నెలలు దాటితే మార్చండి.

వాష్‌బేసిన్ దగ్గర నిలబెట్టి ఎదురుగా నిలుచుంటే మీకు ముందు పళ్ళు తప్ప ఏమీ కనబడవు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. పాపను వెల్లకిలా పడుకోబెట్టి తల మీ ఒడిలో పెట్టుకోండి. పాప కాళ్ళు మీకు ఎదురు దిక్కుకు ఉంటాయి, మొహం పైకి మీకే కనిపిస్తుంది. ట్యూబులైటు వెలుతురు నేరుగా నోట్లో పడే చోటు చూసుకోండి. మరీ పెనుగులాడే పిల్లలైతే ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, పాపను ఇద్దరి తొడల మీద పడుకోబెట్టండి. ఒకరు చేతులు పట్టుకుని మాట్లాడుతుంటే, తల వైపున్నవాళ్ళు తోముతారు.

ఎడమచేతి చూపుడు వేలితో పెదవినీ బుగ్గనూ పక్కకు లాగండి. బ్రష్‌ను పెన్సిల్ పట్టుకున్నట్టు పట్టుకోండి. పిడికిలితో పడితే బలం ఎక్కువై చిగుళ్ళు రాసుకుపోతాయి. మొదలు ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, అప్పుడు ఏ పన్నూ మిగిలిపోదు. కింది వరస ఎడమ దవడ నుంచి మొదలుపెట్టి బయటి వైపంతా కుడి దవడ దాకా రండి, అక్కడి నుంచి లోపలి వైపు వెనక్కి, ఆఖరుకు నమిలే పైభాగం. తర్వాత పై వరస కూడా అంతే. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా కొంచెం వాల్చి, ఒక్కో చోట చిన్నచిన్న సున్నాలు చుట్టండి. దవడ పళ్ళ నమిలే భాగాన్ని మాత్రం ముందుకూ వెనక్కూ రుద్దాలి, ఎందుకంటే అక్కడ గాళ్ళుంటాయి. మొత్తం రెండు నిమిషాలు.

పై ముందు పళ్ళ దగ్గరికి రాగానే పాప ఏడుస్తుంది. చాలామంది దాన్ని మొండితనం అనుకుంటారు. పై పెదవి లోపలి నుంచి చిగురు మధ్యకు దిగే సన్నని పొర ఒకటి ఉంటుంది. పెదవి ఎత్తితే తాడులా కనిపిస్తుంది. బ్రష్ దానికి తగిలితే నిజంగా నొప్పి పుడుతుంది. పెదవి ఎత్తేటప్పుడే మీ చూపుడు వేలిని ఆ పొర మీద ఆనించి ఉంచండి, బ్రష్ వేలికి తగులుతుంది కానీ పొరకు తగలదు. ఈ ఒక్క మార్పుతో రోజూ జరిగే గొడవ ఆగిపోయిన ఇళ్ళు ఉన్నాయి.

తోముతుంటే చిగుళ్ళ నుంచి కొంచెం రక్తం వస్తే బ్రష్ ఆపేయకండి. సాధారణంగా అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందని అర్థం. మెత్తగా రోజూ తోమితే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

పేస్ట్ ఎంత?

ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడాలి. కరిగిపోతున్న ఎనామిల్‌ను తిరిగి గట్టిపరిచేది అదే. ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) దగ్గర్లో ఉందేమో చూడండి. మన దేశంలో టూత్‌పేస్ట్‌లో అంతకు మించకూడదని నియమం. పిల్లల బొమ్మలున్న పేస్టులు కొన్నిటిలో ఫ్లోరైడ్ తక్కువ ఉంటుంది, కొన్నిటిలో అసలే ఉండదు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళకు బఠానీ గింజంత. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పెట్టొద్దు. తోమాక నురగ ఉమ్మేయమనండి. ఆ తర్వాత నీళ్ళతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది, కాబట్టి ఉమ్మితే చాలు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఇక్కడ భయం ఉండడం సహజం. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఆ ప్రాంతాల్లో ఎముకలు వంగిపోయేదాకా చేసిన కీడు కళ్ళారా చూసినవాళ్ళు ఫ్లోరైడ్ మాట వింటేనే ఉలిక్కిపడతారు. అక్కడ సమస్య ఏళ్ళ తరబడి లీటర్లకు లీటర్లు కడుపులోకి పోయిన నీళ్ళు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి ఉంది. పేస్ట్ మింగకుండా, గింజంత వాడి ఉమ్మేస్తే దాని సంగతి వేరు. అయినా ఎనిమిదేళ్ళ లోపు శాశ్వత పళ్ళు దవడ లోపల తయారవుతూ ఉంటాయి కనుక, ఇంకా బోరు నీళ్ళే తాగుతున్న ఇళ్ళవాళ్ళు నీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితం చూపించి ఏ పేస్ట్ వాడాలో పళ్ళ డాక్టరును అడగండి. పేస్ట్ ట్యూబు ఎక్కడున్నవాళ్ళయినా పిల్లలకు అందకుండా పెట్టాలి. తియ్యగా ఉందని నాకేస్తారు.

ఈ వారం అభ్యాసం

మొదటి రెండు రోజులూ ఏదీ మార్చకుండా కాగితం మీద రాయడమే. ఒకటి బడి రోజు, ఇంకొకటి సెలవు రోజు అయితే మేలు. ఎర్ర సున్నాలు లెక్కపెట్టండి. మూడో రోజు నుంచి ఒక్క సున్నా తీసేయండి, అది నిద్రకు ముందుదైతే అన్నిటికంటే మంచిది. మిగతావి వచ్చే వారాల్లో చూసుకోవచ్చు, ఒకేసారి అన్నీ మార్చబోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

రాత్రి బ్రష్ మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. మొదటి రాత్రి రెండు నిమిషాలూ పట్టుబట్టకండి. ఒడిలో పడుకోబెట్టి, కింది వరస తోమి వదిలేసినా చాలు. మర్నాడు పై వరస కలపండి. తోమడం అయ్యాక నీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి వెళ్ళకూడదన్న మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఆరేళ్ళు దగ్గరపడుతున్న పిల్లలుంటే, తోమేటప్పుడు పాల దవడ పళ్ళకు ఇంకా వెనక చిగురు ఉబ్బిందేమో వేలితో తడిమి చూడండి. అక్కడ ఏ పన్నూ ఊడకుండానే శాశ్వత దవడ పన్ను వస్తుంది. అది పాలపన్నే అనుకుని చాలామంది వదిలేస్తారు. దాన్ని మొదటి రోజు నుంచీ ఎలా కాపాడుకోవాలో నాలుగో పాఠంలో.