వానాకాలం కారు వదిలేసి వెళ్తున్నారా, హ్యాండ్‌బ్రేక్ లాగకండి

మన బెజవాడలో పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లేవాళ్లు ఇంటికొకరు, కారేమో సెల్లార్‌లో నాలుగైదు నెలలు పడుంటది. పోయిన వానాకాలం నేనూ అంతే, బయల్దేరే రోజు కారు శుభ్రంగా కడిగించి తడి ఆరకముందే హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగేసి పోయా. వచ్చాక బ్యాటరీ మార్పించి ఫస్ట్ గేర్ వేస్తే వెనక భాగం కిందకి కుంగుతోందేగానీ కారు కదలట్లా, లివరేమో పూర్తిగా దించే ఉంది. ఆటోనగర్ నుంచి మెకానిక్ వచ్చి చూసి "షూలు డ్రమ్ముకి పట్టేసినయ్ సార్" అన్నాడు. డ్రమ్ము అంటే వెనక చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటిది, షూలు అంటే దాన్ని లోపల్నుంచి నొక్కి ఆపే బ్రేకు ముక్కలు. డ్రమ్ము పోత ఇనుము కదా, తడిగా ఉన్నప్పుడు షూ దాన్ని నెలల తరబడి నొక్కి ఉంచితే మధ్యలో తుప్పు పట్టి రెండూ అతుక్కుపోతయ్. ఒక్కోసారి హ్యాండ్‌బ్రేక్ కేబులే లోపల తుప్పు పట్టి వెనక్కి రాదు.

అందుకే కడిగాక రెండు మూడు కిలోమీటర్లు తిప్పి మధ్యమధ్యలో బ్రేకు తొక్కండి, ఆ వేడికి తడి ఆరిద్ది. చదునుగా ఉన్నచోట పెట్టి గేర్‌లో వదిలేయండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో, చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు. తాళం ఎవరికన్నా ఇస్తే స్టార్ట్ చేసి ఆపడం కాదు, పదిహేను రోజులకోసారి కాస్త దూరం నడపమనండి.

ఆల్రెడీ పట్టేస్తే లివర్ ఐదారుసార్లు ఎత్తి దించి, ఫస్టూ రివర్సూ మార్చిమార్చి మెల్లగా కదిలించి చూడండి, మొండిగా రేజ్ చేస్తే మాత్రం క్లచ్ ప్లేట్ కాలిపోద్ది, లేదా షూ మీద అతికించిన లైనింగే ఊడొస్తది. మా మెకానిక్ ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టాకే వెనక చక్రం విప్పాడు, డ్రమ్ము మీద బోల్టుల మధ్య సుత్తితో చుట్టూ కొడుతుంటే మూడో దెబ్బకి టక్‌మని ఊడి ఎర్రటి పొడి రాలింది. డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రేలు డ్రమ్ము లోపల కొట్టొద్దు, షూలకి నూనె అంటితే ఇక బ్రేకే పట్టదు. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న కార్లకి ఈ సుత్తి వైద్యం అసలు వద్దు, వర్క్‌షాప్‌కే.

వదిలాక ఒక కిలోమీటరు నెమ్మదిగా నడిపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు, ఒకటే బాగా వేడిగా ఉండి మాడు వాసనొస్తే ఇంకా పట్టుకునే ఉన్నట్టు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు కారు నీళ్లలో మునిగితే మాత్రం తాళం కూడా తిప్పొద్దు. వెనక చక్రాలు పట్టేసి ఉంటే తాడుకట్టి లాగించొద్దు, టైరు ఒక్కచోటే అరిగిపోద్ది, కారుని ఎక్కించుకుని పోయే బండి పిలిపించండి.