గుడి కప్పు మీది బొమ్మలు పాడవకుండా లైట్లు ఇలా మార్చాం

పాతబస్తీలో మా వీధి వేణుగోపాలస్వామి గుడి మండపం కప్పుకు, సున్నపు గచ్చు మీద వేసిన పాత బొమ్మలున్నాయి, వాటి మీదికే ఎవరో ఎప్పుడో హాలోజన్ ఫ్లడ్‌లైట్లు తిప్పి పెట్టారు. పెచ్చులు లేచాయి, గోపికల చీరల ఎరుపు వెలిసింది, పైగా కింద నిలబడి చూస్తే కళ్లు చెదిరి బొమ్మే కనిపించేది కాదు.

ముందు ఆ హాలోజన్ లైట్లు తీయించాను. హాలోజన్ వేడితోపాటు కొంత అతినీలలోహిత కాంతినీ ఇస్తుంది, మామూలు తెల్ల ఎల్‌ఈడీలో అది దాదాపు ఉండదు. అలాగని ఎల్‌ఈడీ పెట్టేస్తే సరిపోదండీ, వెలిసే రంగుకు మామూలు వెలుతురు కూడా దెబ్బే. మ్యూజియంలలో బాగా సున్నితమైన రంగులకు వెలుతురును 50 లక్స్ (బొమ్మ మీద పడే వెలుతురు కొలత) దాటనివ్వరు, అందుకే లక్స్ మీటర్‌ను బొమ్మ దగ్గర పట్టుకుని డిమ్మర్‌తో అక్కడికి దించాను. గుడి మూసే వేళకు ఆరిపోయేలా టైమర్ కూడా పెట్టాం. 2700 కెల్విన్ (అంటే పసుపు ఛాయ వెలుతురు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఎల్‌ఈడీలే కొన్నాను, సీఆర్ఐ తక్కువైతే ఎరుపు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, పసుపు కుంకుమలుండే చోట అది చూడలేం.

గచ్చుకు డ్రిల్లింగ్ వద్దే వద్దన్నాను. స్తంభాలకు రబ్బరు వేసిన క్లాంపులు బిగించి, భక్తుల కళ్లలో పడకుండా లైట్లను దూలం చాటున పైకి తిప్పాం. గర్భగుడి జోలికి వెళ్లలేదు, అక్కడ నూనె దీపమే ఉండాలని పూజారిగారు అన్నారు, నాకూ అదే సరైనదనిపించింది. కృష్ణాష్టమికి సీరియల్ బల్బులు ఇప్పుడు బయట ప్రహరీకే కడుతున్నారు.