నోరెండుతోందా? లాలాజలం కొలిచే పద్ధతి

గుంటూరు ఎండలో తిరిగొచ్చిన వెంటనే కొలవొద్దు. ఒంట్లో నీరు తగ్గితే లాలాజలమూ తగ్గుతుంది. ఉదయం 9–11 మధ్య మేలు. గంటన్నర ముందు నుంచి తిండి, బ్రష్, కిళ్లీ, సిగరెట్ మానాలి. గోంగూర తాలింపు వాసన తగిలే చోట మాత్రం కూర్చోకండి!

తల కాస్త వంచి, నోట్లో ఉన్నది ఒకసారి మింగేసి, ఆపై 15 నిమిషాలు ఊరినదంతా ముందే తూచిన కప్పులోకి జారనివ్వాలి. నమలకూడదు, నాలుక ఆడించకూడదు. గుర్తుల గొట్టంలో చూస్తే నురగ వల్ల ఎక్కువ కనిపిస్తుంది, తూకమే నయం: 1 గ్రాము దాదాపు 1 మి.లీ.

మొత్తం 1.5 మి.లీ. దాటకపోతే, అంటే నిమిషానికి 0.1, తక్కువే. షోగ్రెన్ వ్యాధి (ఒంటి రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీసే జబ్బు) పరిశోధనలకు వాడే 2016 ప్రమాణాల్లో దీనికి 1 పాయింటు. మిగతా పరీక్షలతో కలిపి మొత్తం 4 వస్తేనే ఆ వ్యాధిగా లెక్క. అలర్జీ, డిప్రెషన్ మాత్రలూ నోరెండబెడతాయి కనుక డాక్టరుకు మందుల చీటీ కూడా చూపండి.