కార్డు బాకీ తీర్చే పాఠాలు – 3: ఉన్న కార్డు మీదే వడ్డీ తగ్గించుకోవడం

గత పాఠంలో స్టేట్‌మెంట్ నుంచి మూడు అంకెలు రాసుకోమన్నాం: మొత్తం బాకీ, మినిమం డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సింది), నెలసరి వడ్డీ శాతం. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఇవాళ ఆ బాకీనే అదే బ్యాంకు చేత తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్పించుకుందాం. కొత్త కార్డు అక్కర్లేదు.

మన దేశంలో చాలా కార్డుల మీద బాకీ వడ్డీ నెలకు 3.5 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఏడాదికి 42. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 60,000 బాకీ ఉంటే నెలకు 2,100 వడ్డీ, 378 పన్ను. నెలకు 3,000 కట్టేవారికి మొదటి నెల అసలులో తగ్గేది 522 రూపాయలే. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కాబట్టి తగ్గింపు మనమే అడిగి తెచ్చుకోవాలి.

బిల్లు వచ్చాక, గడువుకు కనీసం వారం ముందు అడగండి. మార్పు నమోదు కావడానికి ఒక్కోసారి రెండుమూడు రోజులు పడుతుంది. ముందు యాప్‌లో ఈఎంఐ భాగం చూడండి. తర్వాత కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. యాప్‌లో కనిపించే రేటు, ఫోన్‌లో చెప్పే రేటు ఒకటే కానక్కర్లేదు. వడ్డీ తగ్గిస్తామంటూ బయటి నుంచి వచ్చే ఫోన్లకు మాత్రం ఓటీపీ చెప్పకండి.

ఫోన్‌లో ఈ మాటలు ఇలాగే అడగండి: “నా బాకీలో ఎంత మొత్తం ఈఎంఐకి మారుతుందండీ? వడ్డీ ఫ్లాటా, రెడ్యూసింగా? ప్రాసెసింగ్ ఫీజు ఎంత? ముందే తీర్చేస్తే ఛార్జీ ఉందా?” నగదుగా తీసింది, బంగారం కొన్నది చాలా బ్యాంకులు మార్చవు.

రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. ఫ్లాట్ అంటే మొదట్లో ఉన్న అసలు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. రెడ్యూసింగ్ అంటే కట్టగా మిగిలిన అసలు మీదే వడ్డీ. “నెలకు ఒక్క శాతమే సార్”, అంటే ఏడాదికి 12, అంటే చవగ్గా వినిపిస్తుంది. ఫ్లాట్ అయితే 60,000కు 12 నెలల వడ్డీ 7,200, ఈఎంఐ 5,600. అదే ఏడాదికి 15 శాతం రెడ్యూసింగ్ అయితే ఈఎంఐ సుమారు 5,415, వడ్డీ 4,986. పన్నెండు అన్నది పదిహేను కంటే ఖరీదైంది! ఫ్లాట్ 12 అంటే రెడ్యూసింగ్ లెక్కలో దాదాపు 21.5 శాతం. అందుకే శాతం వదిలేసి ఈఎంఐ ఎంత, మొత్తం కట్టేది ఎంత అని అడగండి. మార్చేముందు అసలు, వడ్డీ విడివిడిగా చూపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి. మొహమాటపడకండి.

ఇక పూర్తి లెక్క. 15 శాతం రెడ్యూసింగ్‌లో వడ్డీ 4,986, దాని మీద జీఎస్టీ 897, ఒక శాతం ఫీజు పన్నుతో 708. మొత్తం 6,591. అదే 60,000ను నెలకు 3.5 శాతం వడ్డీకే 12 సమాన వాయిదాల్లో తీర్చితే వడ్డీ, పన్ను కలిపి సుమారు 17,100. తేడా పది వేల పైమాటే. ఈఎంఐ తక్కువ కనిపిస్తుందని 24 నెలలు ఎంచుకోకండి. భరించగలిగినంత తక్కువ గడువే మేలు.

మార్చాక పనంతా చెడేది ఒక్కచోట. 60,000లో 40,000 మాత్రమే మారితే, మిగతా 20,000 గడువులోగా పూర్తిగా కట్టాలి. లేదంటే దాని మీద పాత 3.5 శాతమే నడుస్తుంది. పైగా ఆ కార్డుతో కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేని రోజులు పోతాయి. అందుకే వాయిదాలు నడుస్తున్నంత కాలం ఆ కార్డు గీకకండి. ఈఎంఐ మొత్తం మినిమం డ్యూలో కలుస్తుంది కాబట్టి అది పెరుగుతుంది, కంగారు పడకండి. ఇదివరకే వడ్డీ నడుస్తున్న బాకీ అయితే మార్చిన రోజు వరకు పాత వడ్డీ వచ్చే బిల్లులో కనిపిస్తుంది. అది మామూలే. రెండో బిల్లులోనూ ఉంటే మాత్రం రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లవచ్చు.

అభ్యాసం: మీ బ్యాంకు చెప్పిన ఈఎంఐని నెలలతో గుణించి, అసలు తీసేయండి. వచ్చిన అంకెకు 18 శాతం కలిపి, పన్నుతో సహా ఫీజు జోడించండి. ఆ అంకె వచ్చే పాఠంలో, బాకీని వేరే బ్యాంకు కార్డుకు మార్చే ఆఫరుతో పోల్చి చూడ్డానికి కావాలి.