షికాగో సభల ముందు క్యాన్సర్ మందుల షేర్లు కొంటున్నారా?

తిరుపతి బైరాగిపట్టెడలో మాకు తెలిసిన పెద్దాయన ఒకరు గ్రాట్యుటీలో సగానికి పైగా తీసి ఒకే అమెరికా కంపెనీలో పెట్టారు. క్యాన్సర్ మందు మీద పనిచేసే చిన్న కంపెనీ. ఫలితాల ప్రకటన మన సాయంత్రం కాఫీ వేళకు వచ్చింది. రాత్రి ఏడుకి అక్కడ మార్కెట్ తెరిచేసరికి షేరు మూడో వంతుకు దిగిపోయింది. స్టాప్‌లాస్ పెట్టుకునే ఉన్నారు పాపం, అంటే ఒక ధరకు దిగగానే దానంతట అదే అమ్మేసే ఆర్డరు. ధర మెల్లగా దిగితే కదా అది పనిచేసేది? మధ్యలో ఆగకుండా ఒక్క గెంతులో పడితే, ఆ పడిన ధరకే అమ్ముడుపోతుంది.

మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారంలోపు షికాగోలో ఆస్కో సభలు జరుగుతాయి. క్యాన్సర్ డాక్టర్ల సభల్లో అన్నిటికంటే పెద్దవి ఇవే. అంతకు ముందు నుంచే టెలిగ్రామ్ గ్రూపుల్లో "ఈసారి డబుల్ ఖాయం" అంటూ పేర్లు తిరగడం మొదలవుతుంది. అప్పు చేసి కొనొద్దు, అంతా ఒకదాంట్లోనే పెట్టొద్దు అనే మాటలు నేను చెప్పను. అవి ఆ పెద్దాయనకూ తెలుసు. ఆయన్ని ముంచింది వేరే తప్పు. అదే తప్పు మన ఊళ్ళో ఇంకా చాలామంది చేయడం చూశాను.

శాతం కింద ఎంతమంది?

"80 శాతం మందికి పనిచేసింది" అనే వార్త చూసి కొనడమే ఆ తప్పు. ఎంతమందిలో 80 శాతం? పది మందిలో ఎనిమిది మందా, నాలుగు వందల మందిలో మూడు వందల ఇరవై మందా? పది మందిలో ఇద్దరు అటూ ఇటూ అయితే 80 కాస్తా 60 అవుతుంది. అంతకంటే ముఖ్యం, పక్కన పాత మందు తీసుకున్న గుంపు ఉందా? లేకపోతే ఆ 80లో కొత్త మందు వాటా ఎంతో కంపెనీకి కూడా తెలియదు.

నెక్టార్ అనే అమెరికా కంపెనీ కథ చూడండి. 2018 ఫిబ్రవరిలో పెద్ద మందుల కంపెనీ బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, నెక్టార్ తయారుచేస్తున్న బెంపెగ్ అనే మందు కోసం 1.85 బిలియన్ డాలర్లు ఇచ్చింది. అందులో కొంత నెక్టార్ షేర్లకు, ఒక్కోటి 102.60 డాలర్ల చొప్పున. అప్పటికి చేతిలో ఉన్నది కొద్దిమంది రోగుల లెక్క, అదీ బ్రిస్టల్ వాళ్ళ పాత మందు ఆప్‌డివోతో కలిపి ఇచ్చింది. చర్మపు క్యాన్సర్ మెలనోమాలో ఆప్‌డివో ఒక్కటే ఇచ్చినా నూటికి నలభై మంది దాకా గడ్డ తగ్గుతుంది. మరి ఆ ఫలితం ఎవరి ఖాతాలో రాయాలి? ఆ జూన్‌లో ఆస్కోలో రోగుల సంఖ్య పెరిగింది, శాతం తగ్గింది, షేరు ఒక్కరోజులో 40 శాతానికి పైగా పడింది. 2022 మార్చిలో ఫేజ్ 3 ఫలితం వచ్చింది, అంటే ఎక్కువమంది మీద చేసే ఆఖరి దశ పరీక్షది. ఆప్‌డివో ఒక్కటే తీసుకున్నవాళ్ళలో గడ్డ తగ్గినవాళ్ళు 36 శాతం, బెంపెగ్ కలిపినవాళ్ళలో 28 శాతం. కలిపితే తగ్గింది! బ్రిస్టల్‌లో కూర్చున్న నిపుణులే అలా పోయారంటే, మన గ్రూపు అడ్మిన్ ఎంత?

మన చిత్తూరు వైపు ఇది ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. జనవరిలో పూత చూసి తోతాపురి తోట గుత్తకు పట్టినవాడు మే నెలలో ఎన్నిసార్లు తల పట్టుకున్నాడో అందరం చూశాం. కొద్దిమంది మీద చేసే తొలి పరీక్షలు ఫేజ్ 1, ఫేజ్ 2 అంటే పూత. 2011–2020 లెక్కల్లో, మనుషుల మీద ఫేజ్ 1 మొదలుపెట్టిన క్యాన్సర్ మందుల్లో అమెరికా అనుమతి దాకా వచ్చేవి నూటికి ఐదు చిల్లర.

గడ్డ తగ్గడం, మనిషి బతకడం

రెస్పాన్స్ రేటు అంటే స్కాన్‌లో గడ్డ చెప్పుకోదగ్గంత చిన్నదైనవాళ్ళ శాతం. కనీసం నాలుగు వారాల తర్వాత ఇంకో స్కాన్‌లో కూడా అలాగే ఉంటేనే అది "కన్ఫర్మ్డ్". క్లోవిస్ కంపెనీ 2015 జులైలో తన ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు 60 శాతం మందికి పనిచేస్తోందని చెప్పి, అదే నెలలో షేర్లు అమ్మి దాదాపు 30 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. కన్ఫర్మ్ కానివి కూడా కలిపిన అంకె అది. నవంబర్‌లో అసలు అంకెలు బయటపడ్డాయి: ఒక డోసుకు 28, ఇంకో డోసుకు 34. షేరు ఒక్కరోజులో 70 శాతం పోయింది. తర్వాత 2018లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి 2 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది, 2022 డిసెంబర్‌లో దివాలా తీసింది. "కన్ఫర్మ్డ్" అన్న మాట లేని శాతాన్ని చదవనట్టే వదిలేయండి.

సరే, పక్కన ఇంకో గుంపు ఉంది, ఆయుష్షు కూడా పెరిగింది అనుకుందాం. అయినా కింది అంకె చూడాల్సిందే. లిల్లీ కంపెనీ మందు లార్ట్రువో 133 మంది మీద చేసిన ఫేజ్ 2లో దాదాపు పన్నెండు నెలల అదనపు ఆయుష్షు చూపించింది. 2016లో అనుమతీ వచ్చింది. 2019 జనవరిలో 509 మందితో ఫేజ్ 3 ఫలితం చూస్తే అదనం ఏమీ లేదు. లిల్లీ పెద్ద కంపెనీ, తట్టుకుంది. ఒకే మందు ఉన్న కంపెనీ అయితే అక్కడితో సరి.

మన మార్కెట్లో "క్యాన్సర్ కంపెనీలు"

నాట్కో లాంటి మన కంపెనీలు ఎక్కువగా, పనిచేస్తాయని ముందే రుజువైన మందులకు జనరిక్స్ చేస్తాయి. మందు పనిచేస్తుందా లేదా అన్న భయం ఉండదు. పేటెంట్, ధర, అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీ, ఇవీ భయాలు. రక్త క్యాన్సర్ మందు లెనలిడోమైడ్ జనరిక్‌ను అమెరికాలో 2022 మార్చి నుంచి పరిమితంగా అమ్ముకునే ఏర్పాటు జరిగింది, ఆ పరిమితికి గడువు 2026 జనవరి. అలాంటి గడువు తెలియకుండా పాత లాభాలు చూసి కొనొద్దు. రెండు రకాల కంపెనీల్నీ ఒకే గాటన కట్టొద్దు. ఇంతకంటే వీటి గురించి ఇక్కడ అవసరం లేదు.

ఇక మిగతావి ఒక వరసలో చెప్పేస్తాను.

క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ట్రయల్ పేజీ తెరవండి. ఉచితం. ఎంతమంది, ఎన్ని గుంపులు, ఏ ఫలితాన్ని లక్ష్యంగా ముందే చెప్పుకున్నారు, అన్నీ ఉంటాయి. పాత మార్పులూ కనిపిస్తాయి. మధ్యలో లక్ష్యం మార్చి ఉంటే ఎందుకో తెలిసేదాకా కొనొద్దు.

ప్రకటనలో "ఆశాజనకమైన ధోరణి", "ఒక ఉపవర్గంలో మంచి ఫలితం" అని ఉండి, ముందుగా చెప్పుకున్న లక్ష్యం గురించి సూటిగా ఒక్క ముక్క లేకపోతే ఆ ట్రయల్ పోయినట్టే లెక్క.

కంపెనీ చేతిలో ఉన్న నగదును దాని మూడు నెలల ఖర్చుతో భాగించండి. నాలుగుకు తక్కువ, అంటే ఏడాదికి తక్కువ వస్తే, మంచి వార్త వచ్చిన రోజే కొత్త షేర్లు అమ్ముతారు. మీ వాటా పలచబడుతుంది.

అనుమతి వచ్చింది కదా అని నిద్రపోవద్దు. డెండ్రియన్‌కు ప్రోస్టేట్ క్యాన్సర్ మందు ప్రొవెంజ్ మీద 2010 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది, వైద్యం ఖరీదు 93,000 డాలర్లు. అమ్మకాలు అనుకున్నట్టు లేవు. 2014 నవంబర్‌లో దివాలా.

"అలిపిరి ఆసుపత్రిలో మా అత్తకు ఆ మందు పనిచేసింది" అని కొనొద్దు. ఒకరు ఒకరే. "ట్రయల్ చేస్తున్న డాక్టరుగారు చెప్పారు" అంటే అసలే కొనొద్దు. డబుల్ బ్లైండ్ ట్రయల్‌లో ఎవరికి ఏ మందు వెళ్తోందో ఆయనకూ తెలియదు. తెలిసి చెప్పి ఉంటే అది నేరం.

ఐటీఆర్-1 వేసి ఊరుకోవద్దు. విదేశీ షేరు ఒక్కటున్నా రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి, నష్టం వచ్చినా సరే. ఏడాదిలో 10 లక్షలు దాటి విదేశాలకు పంపితే దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అంతదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

పడ్డాక సగటు తగ్గించడానికి ఇంకా కొనొద్దు. ఫేజ్ 3 పోయిన మందు చవకైంది కాదు, అయిపోయింది.

శాతం చూసి కొనొద్దు. మళ్ళీ చెప్తున్నా, ఎంతమందిలో, ఎవరితో పోల్చి? ఈ రెండూ చెప్పలేనివాడు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, వాడు చెప్పింది కొనొద్దు.

ఫలితం ఎప్పుడు వస్తుందో తెలిసిన షేరులో, పిల్ల పెళ్ళికో ఆపరేషన్‌కో దాచిన డబ్బు ఒక్క రూపాయి ఉంచొద్దు.

ఆస్కోలో అన్నిటికంటే ముఖ్యమైన ఫలితాలు ఆదివారం చెబుతారు. శుక్రవారం అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు అమెరికా మార్కెట్ మూస్తే మళ్ళీ సోమవారం రాత్రి ఏడుకే తెరవడం. మధ్యలో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. తగ్గించుకోవాలనుకుంటే శుక్రవారమే తగ్గించుకోండి.