ముక్కల బొంత - 3వ పాఠం: ఇంట్లోనే అట్ట మూసలు

పోయిన పాఠంలో గుడ్డల్ని ఉతికి, ఇస్త్రీ చేసి, రంగుల వారీగా దొంతులు పెట్టుకున్నాం. కత్తెర పట్టాలని చెయ్యి దురద పెడుతూనే ఉంటుంది. ఇంకాస్త ఓపిక పట్టండి. ఈ పాఠం చాలావరకు అట్ట, పెన్సిలు, స్కేలుతోనే సాగుతుంది.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. మొదటి బొంతకు నేను మూస, అంటే ముక్కలన్నీ ఒకే కొలతలో గీసుకోవడానికి అట్టతో కోసుకునే నమూనా, చేసుకోలేదు. ఒక చదరం కత్తిరించి, దాన్ని రెండో గుడ్డ మీద పెట్టి గీసి, ఆ రెండోదాన్ని మూడోదాని మీద పెట్టి గీసి, అలా లాక్కుపోయాను. గీత ఎప్పుడూ ముక్క అంచుకు బయటే పడుతుంది కదా! ఒక్కో ముక్క ముందుదానికంటే గీత మందమంత పెరుగుతూ పోయింది. చివరి వరస మొదటి వరసకంటే రెండు వేళ్ల వెడల్పు ఎక్కువొచ్చింది. ఒక ముక్కలో 1/16 అంగుళం తేడా కంటికి ఆనదు. వరసలో ఎనిమిది ముక్కలుంటే అదే అర అంగుళం. కాబట్టి ముక్కలన్నీ ఒకే మూస నుంచి రావాలి. మూసకు నకలు కావాలన్నా కాగితం మీది అసలు బొమ్మ నుంచే తీయండి, మూస మీద మూస పెట్టి గీయకండి.

అట్ట సంగతి. చెప్పుల డబ్బా మూత, పాత ఫైలు అట్ట, కొత్త చొక్కా మడతలో వచ్చే అట్ట, ఏదైనా పనికొస్తుంది. లోపల అలలున్న పార్శిల్ పెట్టె అట్ట మాత్రం వద్దు, అంచు ఇట్టే నలిగిపోతుంది. మంచి అట్ట కూడా కొన్ని పదుల సార్లు గీశాక మూలలు గుండ్రమవుతాయి. పెద్ద బొంతకు ఒక్కో ఆకారానికి రెండు మూడు మూసలు ముందే కోసి పెట్టుకోండి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు దొరికితే ఇంకా మేలు. అరగదు, పైగా కింద గుడ్డ కనిపిస్తుంది. ప్రింటులోని పువ్వు సరిగ్గా ముక్క మధ్యకు రావాలంటే అంతకంటే సులువైన దారి లేదు.

ఇక గీయడం. గ్రాఫ్ కాగితం మీద ముందు ఆకారాన్ని కుట్టయ్యాక కనిపించే కొలతలో గీయండి. దాని చుట్టూ, ప్రతి భుజానికీ పావు అంగుళం దూరంలో మరో గీత. ఈ రెండు గీతల మధ్య జాగానే కుట్టు మార్జిన్, అంటే కుట్టు లోపలికి పోయే గుడ్డ. 4 అంగుళాల చదరానికి మూస నాలుగున్నర అంగుళాలు వస్తుంది. ఇది ఎవరికైనా తేలికే.

తిప్పలన్నీ త్రిభుజంతోనే. చదరాన్ని మూలకు మూలగా కోస్తే వచ్చే త్రిభుజానికీ అర అంగుళమే కలిపితే చాలనుకుంటాం. చాలదు. ఏటవాలు భుజానికి కూడా పావు అంగుళం వదలాలి. ఆ గీత బయటికి జరిగేసరికి మొనలు బాగా ముందుకు సాగుతాయి. అందుకే పొట్టి భుజానికి 7/8 అంగుళం కలపాలి: 4 అంగుళాల త్రిభుజానికి మూస భుజం 4 7/8. ఈ లెక్క మరిచిపోయినా దిగుల్లేదు, మూడు వైపులా పావు అంగుళం గీసి గీతల్ని కలిసేదాకా పొడిగిస్తే కొలత దానంతటదే వస్తుంది. నేను లెక్కకంటే గీతనే నమ్ముతాను.

మీ గ్రాఫ్ కాగితం సెంటీమీటర్లదైతే అన్నీ సెంటీమీటర్లలోనే చేయండి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. ఒకే బొంతలో కొన్ని మూసలకు పావు అంగుళం, కొన్నింటికి 6 మిల్లీమీటర్లు వదిలితే మూలలు కలవవు.

గ్రాఫ్ కాగితాన్ని అట్టకు అతికించండి. జిగురు పూర్తిగా ఆరాక స్టీలు స్కేలు ఆనించి బ్లేడుతో కోయండి. కత్తెరతో కోస్తే అంచు వంకర్లు పోతుంది. గీత పక్కన కాదు, గీత మీదే కోయాలి. చేత్తో కుట్టేవాళ్లు మార్జిన్ లేని మూస చేసుకోవచ్చు. అప్పుడు గుడ్డ మీద గీసిందే కుట్టు గీత, దానికి పావు అంగుళం బయట కంటి అంచనాతో కత్తిరించినా పరవాలేదు. మిషను మీద కుట్టేవాళ్లకు మార్జిన్ ఉన్న మూసే కావాలి.

మూస వెనక గరుకు కాగితం చిన్న ముక్కలు రెండు మూడు అతికించండి, గుడ్డ మీద జారదు. ముందు వైపు ఆకారం పేరు, కొలత రాసి, ఒక బాణం గుర్తు వేయండి. ఆ బాణం పడుగు, అంటే గుడ్డ నిలువు పోగు, వెంట ఉండాలి. పడుగు వైపు గుడ్డ దాదాపు సాగదు, పేక (అడ్డ పోగు) వైపు కొంచెం సాగుతుంది, మూలగా లాగితే రబ్బరే. బ్లాకు (కొన్ని ముక్కలు కలిపి కుట్టిన ఒక గడి) బయటి అంచుకు వచ్చే భుజం ఎప్పుడూ నిలువు పోగు మీదో అడ్డ పోగు మీదో పడాలి. ఏటవాలు నాలుగు భుజాల బొమ్మలుంటే ఇంకో జాగ్రత్త: మూస తిరగబడితే ముక్క అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది. అందుకే పేరు రాసిన వైపే ఎప్పుడూ పైకి.

ఈ వారం పని: 4 అంగుళాల చదరం మూస, త్రిభుజం మూస చేయండి. పాత దుప్పటి గుడ్డలో రెండు త్రిభుజాలు కత్తిరించి, పొడుగు భుజం వెంట కలిపి కుట్టి ఇస్త్రీ చేయండి. బయటికొచ్చిన మొనలు తుంచి, దాని మీద చదరం మూస పెట్టండి. అంచుకు అంచు సరిపోతే సరే. గుడ్డ చిన్నదైతే వెంటనే మూసను అనుమానించకండి. కుట్టు దగ్గర మడత కూడా ఒకటి రెండు పోగుల గుడ్డ మింగుతుంది. పావు అంగుళానికి ఒక పోగు తక్కువగా కుట్టి మళ్లీ చూడండి. అప్పటికీ కుదరకపోతే స్కేలు తీసి మూసను కొలవండి.

వచ్చే పాఠానికి వృత్తలేఖిని దగ్గర పెట్టుకోండి, షడ్భుజి గీద్దాం.